తొంభై రెండేళ్ళ గుడ్డ

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు నెత్తిమీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి చదువు నా జోలికి రాలేదు, నేనూ దాని జోలికి పోలేదు. అందుకే ఇది నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యలో ఆపి, "ఈ మాట బాగాలేదమ్మా" అంటుంది. బాగాలేని సంగతికి బాగున్న మాట నేనెక్కడినుంచి తేను? ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

నేను నెల్లూరులో ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఆయాను. ఏ ఆసుపత్రి అని అడక్కండి. చెబితే కాంట్రాక్టరు రేపే నా పేరు కొట్టేస్తాడు, అతనికి ఆ ఒక్క పని మాత్రం చురుగ్గా చేతనవుతుంది. మా ఆయన ముత్తుకూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీ తోలేవాడు. పగలంతా బూడిద మింగేవాడు, సాయంత్రం దాన్ని కడుక్కోవడానికి మందు మింగేవాడు. ఒకరోజు రెండూ చాలనుకున్నాడేమో, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ పని దొరికింది. మొగుడు పోయినదానికి పురిటి గదిలో పనా అని మా వదిన ముక్కు మీద వేలు వేసుకుంది. ఆ వేలు ఆమె ఇంకా తీయలేదు.

మా వార్డులో పుట్టిన బిడ్డను డాక్టరమ్మ, సిస్టరు తర్వాత తాకే మూడో మనిషిని నేనే. తూకం పళ్ళెం తుడిచి పెట్టేది నేను, మాయ పడ్డ బకెట్టు మోసేది నేను, తల్లిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చేది నేను. గది బయట కాచుకుని ఉన్నవాళ్ళకు ఇదేమీ తెలియదు. వాళ్ళకు కనపడేది నా బోసి నొసలు ఒక్కటే. నేను తలుపు తీసుకుని వస్తే చాలు, కొంగు సర్దుకుని పక్కకు తిరిగేవాళ్ళు కొందరు, ఉన్నట్టుండి పైన ఫ్యాను ఎట్లా తిరుగుతుందో చూసేవాళ్ళు కొందరు. ఇప్పుడు మాకు హాజరు ఫోనులో. దాని ముందు నిలబడి కళ్ళు ఆర్పితే ముఖం చూసి అదే వేసుకుంటుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి అది మొట్టమొదట చూసేది నన్నే. ఇన్నాళ్ళలో దానికి వచ్చిన కీడల్లా ఛార్జింగు అయిపోవడమే.

ఏటా నర్సింగు కాలేజీనుంచి చివరి ఏడాది పిల్లలు మా వార్డుకు ఇంటర్న్‌షిప్ అని వస్తారు. వచ్చిన కొత్తలో బల్లుల్లాగా గోడకు అతుక్కుని నిలబడతారు. జేబులో నాలుగు రంగుల పెన్నులు, చేతిలో ఒక పుస్తకం. ఆ పుస్తకంలో ఎన్ని కాన్పులు చూశారు, ఎన్ని చేతుల మీద చేశారు అని రాసుకోవాలి. విడత అయిపోయిన రోజు హెడ్ సిస్టరు కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే అన్ని పరీక్షలు పాసైనా ఆ పిల్ల నర్సు కాదు. నాకు వచ్చిన ఒకే ఒక్క విద్యకు అంత విలువ ఉందని అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది వచ్చిన పిల్లల్లో ఒకామె కోవూరు అవతల మాగాణి రైతు కూతురు. సన్నగా, పొడుగ్గా, వరి కంకి మాదిరి ముందుకు వంగి నడిచేది. మొదటి విడతలో మొదటి కాన్పు చూడగానే కళ్ళు తిరిగి పడిపోయింది. పడేటప్పుడు ఊరికే పడలేదు, కత్తెరలు పెట్టిన ట్రేను కూడా వెంట తీసుకుని పడింది. కాన్పు అవుతున్న ఆమె తన నొప్పులు మర్చిపోయి, "అయ్యో, ఆ పిల్లని చూడండమ్మా" అని అరిచింది. హెడ్ సిస్టరు సంతకం పెట్టలేదు. కాలేజీవాళ్ళు దయతలిచి రెండోసారి పంపారు. ఈసారీ సంతకం పడకపోతే ఇంటికి పొమ్మని ముందే చెప్పి మరీ పంపారు. దయకు కూడా ఒక కొలత ఉంటుంది.

రెండోసారి వచ్చిన రోజు నేనే పలకరించాను.

"ఏందమ్మే, మళ్ళా వస్తివి? ఈసారి ట్రే దాచిపెట్టాల్నా?"

"రక్తం చూస్తే కళ్ళు తిరగతాయి ఆయమ్మా. ఇప్పుడు తగ్గింది."

"అంత ఇబ్బంది పడతా ఈ పనికి ఎందుకు? పూల అంగడి పెట్టుకోరాదా?"

ఆమె నవ్వలేదు. "మా అక్కకి నొప్పులొస్తే ట్రాక్టర్లో ఎక్కించుకోని పోతా ఉన్నాం. కాలవ కట్ట మీదనే కాన్పు అయిపోయింది. పక్కన నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఏం చెయ్యాలో తెలవక ఏడస్తా నిలబడినా. అక్క బాగుండాది. బిడ్డ దక్కలా."

ఆ మాట విన్నాక ఆమెను ఎగతాళి చేయడం తగ్గించుకున్నాను. రోజుకు రెండుసార్లకు. ఆమె కూడా ఆయమ్మా అనడం మాని పిన్నమ్మా అనడం మొదలుపెట్టింది. కాన్పు జరిగేటప్పుడు నేను ఆమె వెనక స్టూలు పట్టుకుని నిలబడేదాన్ని, పడితే దాని మీద పడుతుందని. ఒక వారం నిలబడ్డాను. తర్వాత ఆ స్టూలు మీద నేనే కూర్చోవడం మొదలుపెట్టాను.

ఇక హెడ్ సిస్టరు. ఆమె చేతికి మట్టి అంటడం నేను చూడలేదు, మనిషికి చెమట పట్టడం కూడా చూడలేదు. శుభ్రతకు మార్కులు వేసే పెద్దలు ఆ వారంలో వస్తున్నారని కబురు వచ్చింది. ఆ రోజునుంచి మా వార్డులో బిడ్డలు పుట్టడం రెండో పని అయిపోయింది, మొదటి పని ఫినాయిలు. ఆమె పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చెప్పింది.

"మంచం కింద సంచులుండకూడదు. దిండు కింద పాత గుడ్డలు ఉండకూడదు. ఇన్ఫెక్షన్ అని మీకు చదువు చెప్పింది ఎందుకు? ఒక్క పాత గుడ్డ కనపడినా ఆ మంచం స్టూడెంటుకి సంతకం లేదు, చెప్తున్నా."

పాత గుడ్డ లేకుండా మా జిల్లాలో బిడ్డ పుట్టిందెప్పుడు? ఆసుపత్రి తువ్వాలు ఎంత తెల్లగా ఉన్నా, ఇంటివాళ్ళు బిడ్డకు మొదట చుట్టేది పాత గుడ్డే. అది కూడా ఎవరిదంటే వాళ్ళది పనికిరాదు. నిండా బతికి పోయిన పెద్దవాళ్ళది కావాలి, వాళ్ళ ఆయుసు బిడ్డకు రావాలని. పురిటి స్నానం అయ్యేదాకా కొత్త గుడ్డ తగలనివ్వరు. ఈ సంగతి మా రైతు కూతురికి తెలియక కాదు. వాళ్ళింట్లో అది తాత పంచె. చాకలికి వేసి, మడత పెట్టి, కర్పూరం బిళ్ళ వేసి బీరువాలో దాచిన పంచె. ఆయుసు గుడ్డ అంటే ఆమె ఎరిగింది అదొక్కటే. అక్కడే వచ్చింది తంటా.

ఆ తంటా వచ్చింది విడతలో ఆమె చివరి రోజున. సాయంత్రం నాలుగింటికి హెడ్ సిస్టరు రౌండుకు వచ్చి పుస్తకాల్లో సంతకాలు పెట్టాలి. పొద్దున తొమ్మిదింటికి పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెనుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. చేపలు పట్టే కుటుంబం. కూతురికి రక్తపోటు ఎక్కువుందని సూళ్ళూరుపేటలో చూసినవాళ్ళు నెల్లూరుకు పంపారు. తల్లి భారీ మనిషి. ముక్కుకు రెండు పక్కలా పుడకలు, సరస్సు ఈ ఒడ్డున మాట్లాడితే ఆ ఒడ్డున వినపడే గొంతు, చంకలో ఒక వైరు సంచి. ఆ సంచి ఆమె కంటే ముందు వార్డులోకి వచ్చింది. అంటే దాని వాసన వచ్చింది. అందులో ఎండు పాలసొర చేప ముక్కలు. సొర తింటే బాలింతకు పాలు పడతాయి, అందుకని బిడ్డ పుట్టకముందే తెచ్చి పెట్టుకుంది.

నేను చక్రాల కుర్చీ తీసుకుపోయాను. ఆమె చూపు నా నొసటి మీద పడింది.

"ఏమ్మే, నువ్వే తోస్తావా?"

"నేనే తొయ్యాల అక్కా. దీనికి మోటారు లేదు."

"ఇంకెవురూ లేరా?"

"ఉండారు. ఒకామె సెలవు. ఇంకొకామె టీకి పోయుండాది. ఆమె వచ్చేదాకా నొప్పులు ఆపుకోమని చెప్పు మీ పిల్లకి."

కుర్చీలోంచి కూతురు అరిచింది. "అమ్మా, నువ్వు గమ్మున ఉండు! ఎవురు తోస్తే ఏంది, ముందు తొయ్యమను!"

తల్లి ఒక్క క్షణం ఆలోచించి రాజీకి వచ్చింది. "సరే, వెనకనే ఉండి తొయ్యి. ముందుకి మాత్రం రాబాక."

చక్రాల కుర్చీని ముందునుంచి తోసే విద్య నాకు ఇంకా పట్టుబడలేదు కాబట్టి ఆ ఒప్పందానికి నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

పురిటి గదిలో మా రైతు పిల్ల ఆ కూతురి తలవైపు నిలబడింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె మా పిల్ల చేయి పట్టుకుని పిండేస్తోంది. "నన్ను చూడక్కా. గోడని కాదు, నన్ను చూడు. ఊపిరి తీసుకో, వదులు" అని ఈమె ఒకటే మాట. గంట, గంటన్నర. మధ్యలో నేను, "చెయ్యి మార్చుకో పాపా" అన్నాను. "మారిస్తే అక్కకి పట్టు తప్పుతుంది పిన్నమ్మా" అంది. కళ్ళు తిరగలేదు. ట్రే పడలేదు. పదిన్నరకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకు వరండాలో ఉన్నవాళ్ళు శ్రీహరికోటలో రాకెట్టు వదిలినారేమో అనుకున్నారట.

కూతురికి కుట్లు వేస్తున్నారు, బిడ్డను వెచ్చని దీపం కింద పెట్టారు. నేను గది కడుగుతున్నాను. మా పిల్లను పోయి పొద్దున వాళ్ళకిచ్చిన మంచం సిద్ధం చేయమన్నారు. ఆనందంలో ఉన్న మనిషి చేసే పని జాగ్రత్తగా చూడాలి, దుఃఖంలో ఉన్నవాళ్ళది కాదు. ఆమె తల్లి, ఇక నుంచి అమ్మమ్మ, చీటీ రాయించుకోవడానికి కౌంటరు దగ్గరికి పోయి ఉంది. మా పిల్ల దుప్పటి మార్చింది, బల్ల తుడిచింది, దిండు ఎత్తింది. దిండు కింద ఒక ముడతలు పడ్డ గుడ్డ. ఎండుచేపల కంపు. చిరుగులు. పాత గుడ్డ ఒక్కటి కనపడినా సంతకం లేదన్న మాట చెవిలో మోగింది. చేతి తొడుగు వేసుకుంది, రెండు వేళ్ళతో పట్టుకుంది, తీసుకుపోయి చెత్త పసుపు కవర్లో వేసింది. రక్తపు దూదీ, అలాంటివన్నీ వేసే కవరు అది. ముడి కూడా ఆమే వేసింది. పద్ధతి ప్రకారం.

పదకొండున్నరకు అమ్మమ్మ వచ్చి దిండు ఎత్తింది. దింపింది. మళ్ళీ ఎత్తింది.

"ఇక్కడ గుడ్డ పెట్టినా. యాడ పోయింది?"

"ఏం గుడ్డక్కా?" అన్నాను.

"మా అత్త చీర ముక్క. తొంభై రెండేళ్ళు బతికిందామె. ఒక్క రోజు మంచాన పడలా. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ముందు దాన్నే చుట్టినాం. అది లేకండా నేను బిడ్డని చేతికి తీసుకోను."

నేను మా పిల్లను చూశాను. ఆమె ముఖం ఆసుపత్రి తువ్వాలు మాదిరి తెల్లబడింది. చేయి పట్టుకుని బకెట్లు కడిగే గదిలోకి లాక్కుపోయాను.

"నేల తుడిచే గుడ్డ అనుకున్నా పిన్నమ్మా."

"కవరు యాడ?"

"బండొచ్చి తీసుకుపోయింది."

నేను గేటు దాకా పరిగెత్తాను. ఈ వయసులో ఈ మోకాళ్ళతో నేను పరిగెత్తడం చూసి వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"చెత్తబండి ఇప్పుడే మలుపు తిరిగింది. ఏంది, బంగారం పడిందా?"

"తొంభై రెండేళ్ళు పడినాయి" అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకే సరిగ్గా కాలేదు.

తిరిగి వచ్చేసరికి మా పిల్ల అదే గదిలో అట్లాగే నిలబడి ఉంది. "నిజం చెప్పేస్తా" అంది.

"చెప్పు. ఆమె గొంతు విన్నావు గదా, వార్డు లేచిపోతది. హెడ్ సిస్టరు నాలుగింటికి రావాల్సింది ఇప్పుడే వస్తది. నీ పుస్తకం మూసేసి చేతిలో పెడతది. పోయి మీ నాయనతో నారు పీకు."

నేను నా సంచి తెరిచాను. టిఫిను గిన్నె కట్టుకోవడానికి నా పాత చీర కొంగు ఒకటి ఉంచుకుంటాను. ఆ పొద్దునే ఉతికి ఆరేసి తెచ్చుకున్నది. ఎన్నిసార్లు ఉతికానో, ఒకప్పుడు ఏ రంగో నాకే గుర్తులేదు. పాత గుడ్డలన్నీ చివరికి ఒకే రంగుకు వస్తాయి, ముసలివాళ్ళ మాదిరి. ఒక్కటే లోపం, దానికి వాసన లేదు. అమ్మమ్మ కూతుర్ని చూడటానికి పురిటి గదిలోకి పోయిన సందులో మంచం కింది వైరు సంచిలో ఆ గుడ్డ దూర్చి, పాలసొర ముక్కల మధ్య పెట్టి నాలుగుసార్లు పిసికాను. నా జన్మలో ఇంత శ్రద్ధగా ఏ వంటా చేయలేదు.

"దుప్పట్లో చుట్టుకుపోయిందక్కా, ఇదిగో" అని తెచ్చిచ్చాను.

ఆమె తీసుకుంది. చేత్తో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా ముఖం చూసింది. పొద్దున చూసినదానికంటే కొంచెం ఎక్కువసేపే చూసింది. ఆసుపత్రి తువ్వాలు మీదనుంచే ఆ గుడ్డ బిడ్డకు చుట్టింది, ఎత్తుకుంది, నుదుటన ముద్దు పెట్టింది. పొద్దున నన్ను ముందుకు రావద్దన్న మనిషి, నా కొంగులో మనవరాలిని చుట్టుకుని, ఎవరి దిష్టీ తగలకూడదని మెటికలు విరుచుకుంటోంది. నాకు నవ్వు ఆగక బకెట్ల గదిలోకి పోయాను.

అక్కడ మా పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రక్తం చూసినప్పుడు కూడా ఆ ముఖం అంత పాలిపోలేదు.

"అయిపోయింది లే పాపా. పట్టింది, చుట్టింది. లేచి అన్నం తిను."

"అట్టా కాదు పిన్నమ్మా. ఆమె నమ్ముకున్నది ఒకటి, మనం ఇచ్చింది ఒకటి."

"ఏం, నా చీర కరస్తదా ఆ బిడ్డని?"

"నీ చీరని అనలా. మందు సీసాలో నీళ్ళు పోసి, మందేనని చెప్పి ఇచ్చినట్టు గదా ఇది. రేపు నేను నర్సునై నిజంగా మందు ఇచ్చినా, అది మందేనని వాళ్ళెందుకు నమ్మాల?"

ఇట్లాంటప్పుడు నేనెప్పుడూ చేసే పనే చేశాను. చీపురు తీసుకున్నాను.

సరిగ్గా నాలుగింటికి హెడ్ సిస్టరు వచ్చింది. చంకలో పిల్లల పుస్తకాల కట్ట, చేతిలో ఎర్ర పెన్ను. ఒక్కో మంచం చూసుకుంటూ వచ్చింది. ఆ అమ్మమ్మ వాళ్ళ మంచం దగ్గర ఆగింది. ముందు ముక్కు పనిచేసింది, తర్వాత కళ్ళు.

"ఎవరీ మంచం డ్యూటీ?"

మా పిల్ల ముందుకు వచ్చింది.

"బిడ్డ మీద ఏంటది? ఏం చెప్పాను నేను? ఒక్క పాత గుడ్డ కనపడకూడదన్నానా లేదా? చూసుకోలేదా?"

నేను చీపురు పట్టుకుని ఆమె వెనక నిలబడి, కళ్ళతో, కనుబొమలతో, చీపురుతో సైగలు చేస్తున్నాను. చూసుకోలేదు సిస్టర్ అను. రెండు తిట్లు తిని ఊరుకో. ఎన్నేళ్ళనుంచి ఆ రెండు తిట్లు తిని బతకడం లేదు మేము?

"చూసుకున్నా సిస్టర్," అంది మా పిల్ల. "వీళ్ళ గుడ్డని నేనే తీసి పసుపు కవర్లో వేసినా. అది వాళ్ళ ముసలమ్మ గుర్తని నాకు తెలవదు. అడగలా. బండి తీసుకుపోయింది. ఇది వాళ్ళది కాదు, పిన్నమ్మది." ఆ పైన అమ్మమ్మ వైపు తిరిగింది. "నాదే తప్పు పెద్దమ్మా. మధ్యాన్నమే చెప్పాల్సింది. భయపడినా."

పక్క మంచం బాలింత బత్తాయి ఒలవడం ఆపేసింది. హెడ్ సిస్టరు నా వైపు తిరిగింది. చీపురు ఇంకా గాల్లోనే ఉంది. మెల్లగా దించాను.

"కంప్లెయింట్ రాస్తారామ్మా?" అంది హెడ్ సిస్టరు అమ్మమ్మతో. "మీరు చెప్పండి, నేను రాసుకుంటాను." ఆ మాటలో బాధ కంటే ఉత్సాహమే ఎక్కువ వినపడింది నాకు.

అమ్మమ్మ బిడ్డను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మా అత్త చీరకి పచ్చంచు," అంది. "దీనికి అంచే లేదు. ఇంక సొర వాసన. పుట్టినకాణ్ణించి చేపల్లో ఉండేదాన్ని, నాకు తెలవదా? నానిన వాసన ఒకటి, పైన రుద్దిన వాసన ఒకటి. చేతికి తీసుకోంగానే తెలిసిపోయింది."

"మరి చుట్టినావెందుకక్కా?" అన్నాను. నోరు ఆగలేదు.

"అంతకుముందే లోపలికి పోయి గుడ్డ కనపడలేదని నా పిల్లకి చెప్పినా. అమ్మా, గుడ్డ సంగతి తర్వాత, ముందు ఆ తెల్ల కోటు పాప చెయ్యి చూడు అనింది." అమ్మమ్మ మా పిల్ల చేయి పట్టుకుని కోటు చేతిని పైకి లాగింది. మణికట్టునుంచి మోచేతి దాకా గోళ్ళు దిగిన గుర్తులు, కొన్ని ఎర్రగా, కొన్ని నల్లగా. "ఇదిగో. దీనెమ్మ, నా పిల్ల గోళ్ళు! ఇన్ని దిగినా చెయ్యి లాక్కోలేదంట. దీన్ని నేనేమని తిట్టేది?"

మా పిల్ల తల వంచుకుంది. అమ్మమ్మ నా వైపు చూసింది.

"మా అత్త గూడా నీ మాదిరే. మా మామ పడవ తిరగబడి పోయినాక నలభై ఏళ్ళు బోసి నొసటితోనే ఉండాది. ఆమె గుడ్డ పనికొచ్చింది గదా, ఈమెది ఎందుకు పనికి రాదు అనుకున్నా."

"పొద్దున కుర్చీ కాడ ఈ తెలివి యాడికి పోయిందక్కా?"

"పొద్దున నా బిడ్డ నొప్పుల్లో ఉండాది. అప్పుడు తెలివి ఉంటదా మనిషికి?"

నిజమే. తెలివి ఉన్నవాళ్ళు పురిటి గది బయట నిలబడగా నేనూ చూడలేదు.

హెడ్ సిస్టరు కంప్లెయింట్ల పుస్తకం తెరిచే ఉంచింది. "కంప్లెయింట్ అమ్మా?"

"రాసుకో. గుడ్డ నేనే యాడనో జారేసుకున్నా."

"అమ్మాయి తనే పారేశానని చెప్తోంది కదా!"

"ఆ పిల్లకి కళ్ళు తిరిగే జబ్బు ఉండాదంట గదా. తిరిగినప్పుడు ఏదేదో చెప్పతా ఉంటది. నువ్వు పట్టించుకోబాక."

పక్క మంచం ఆమె మొదట నవ్వింది. తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో లెక్క తెలియలేదు. హెడ్ సిస్టరు నవ్వలేదు, అది మాత్రం ఖాయం. ఆమె మా పిల్ల ముఖం చూసింది, గోళ్ళ గుర్తులు చూసింది, కట్టలోంచి ఆ పిల్ల పుస్తకం తీసి, పేజీ తిప్పి, ఎర్ర పెన్నుతో సంతకం పెట్టింది. దాని పైన ఇంగ్లీషులో ఒక లైను రాసింది. ఆమె పోయాక మా పిల్ల చదివి చెప్పింది. ఆసుపత్రి చెత్తను వేరుచేయడంలో ఇంకా శ్రద్ధ కావాలి అని.

"నిజమే గదా పిన్నమ్మా" అని ఆ లైను చూసుకుని మురిసిపోయింది. తిట్టును కూడా పతకం మాదిరి చూసుకునేవాళ్ళను నేను ఈ ఒక్కదాన్నే చూశాను.

కథ అక్కడితో అయిపోతే నాకు బాగుండేది. అమ్మమ్మ అయిపోనివ్వలేదు.

"ఇట్టా రా. నీకెన్నేళ్ళు?"

"యాభై ఎనిమిది."

"తొంభై రెండు దాకా ఉండాల నువ్వు."

"నేనా? నా మోకాళ్ళని అడిగి చెప్తానక్కా."

"ఎకసెక్కాలు కాదు. మా బిడ్డ ఆయుసు ఇప్పుడు నీ గుడ్డ మీద ఉండాది. మా అత్తకి నేను చెప్పనక్కర్లేకపోయింది, ఆమె ముందే బతికేసి పోయింది. నీ సంగతి అట్టా కాదే. మధ్యలో పోయినావంటే వచ్చి నీ పని చెప్తా."

"పోయినాక వచ్చి ఏం చెప్తావక్కా?"

"ముందే చెప్తా ఉండా గదా!"

పుట్టింటివాళ్ళు నా మెడలో తాళి కట్టించేటప్పుడు ఎన్నేళ్ళు బతకాలో చెప్పలేదు. మొగుడు చెప్పకుండానే పోయాడు. నువ్వు ఉండాలి అని గట్టిగా అడిగిన మొదటి మనిషి, ఆ పొద్దున నన్ను చూసి ముఖం తిప్పుకున్నామె. అదీ నా మీద ప్రేమతో కాదు, మనవరాలి మీద ప్రేమతో. అయినా సరే, అడిగింది కదా.

వాళ్ళు వెళ్ళేరోజు నాకు పాలసొర ముక్కలు ఒక పొట్లం ఇచ్చింది. నాకు పాలు పడాల్సిన అవసరం లేదని చెప్పినా వినలేదు.

ఇది జరిగి రెండేళ్ళయింది. మా పిల్ల ఇప్పుడు సూళ్ళూరుపేట వైపు ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. ఏ మంచం సర్దినా ముందు, "అక్కా, దిండు కింద ఏమన్నా పెట్టుకున్నారా?" అని అడుగుతుందట. ఉందంటే, వాళ్ళనే అడిగి తీసుకుని, వేడినీళ్ళలో ఉడకేసి, ఇస్త్రీ చేసి చేతికిస్తుందట. అక్కడి హెడ్ సిస్టరుకు ఈమె పిచ్చిదనిపించిందట. అలవాటు పడతారు లే అన్నాను.

అమ్మమ్మ నెలకోసారి ఫోను చేస్తుంది. ముఖం కనపడే ఫోనే చేస్తుంది. నా నొసలు చూడటానికి ఇప్పుడు ఆమెకు ఏ ఇబ్బందీ లేదు, పైగా దగ్గరగా పెట్టమంటుంది. పలకరింపు ఒకటే. "బతికే ఉండావా?" ఉండా అంటాను. అప్పుడు మనవరాలిని చూపిస్తుంది. ఆ పిల్ల నన్ను చూసి నాలుక బయటపెడుతుంది. నా కొంగు ముక్కను ఇప్పుడు వాళ్ళ పల్లెలో పక్కింటి కాన్పుకు కూడా అరువు తీసుకుపోతున్నారని పోయినసారి చెప్పింది. నన్ను అడగలేదు. అంటే ఆ బిడ్డ ఆయుసు కూడా నా మీదే పడిందన్న మాట.

మొన్న నాకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ముసుగు పెట్టి పడుకుంటే అదే పోయేది. ఎవరు చెప్పారో, మూడో రోజు మా నర్సు పిల్ల సెలవు పెట్టి వచ్చి, నా చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించింది. సెలైను ఎక్కుతుండగానే అమ్మమ్మ ఫోను.

"ఏమ్మే, ఏం చేస్తా ఉండావు నువ్వు? ఇద్దరు బిడ్డలుండారు నీ మీద, తెలిసిందా లేదా?"

తెలిసింది అన్నాను. సూది గుచ్చిన చోట నొప్పిగా ఉంది, నవ్వితే ఇంకా నొప్పి.

కాబట్టి పెళ్ళికో, పేరంటానికో, పరీక్షకో మీరు బయల్దేరేటప్పుడు బోసి నొసటితో నేను ఎదురొస్తే లోపలికి పోయి మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చోండి, నాకేం కోపం లేదు. కాకపోతే ఒక సంగతి ముందే చెబుతున్నాను. నాకిప్పుడు అరవై. ఇంకా ముప్పై రెండేళ్ళు నేను ఎదురొస్తూనే ఉంటాను.